నోరు అడిగినవి

మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఒకటి ఉంది. గోడవారగా నేల మీద పెట్టుకునే అద్దం పలక. దాన్ని నేను నా కోసమే కొన్నాను. కొన్న నెల తిరక్కుండానే అది మా గల్లీ అందరి సొత్తయింది.

కోరుట్లలో మా గల్లీ నుంచి ఎప్పుడూ ఎవరో ఒకరు దుబాయికి బయలుదేరుతూనే ఉంటారు. మస్కట్ అయినా సౌదీ అయినా మా నోట దుబాయే. మనిషి పోతున్నాడంటే వెంట ఒక కార్టన్ పోవాలి. అందులో పోయేవాడి సామాను తక్కువ, ముందే పోయి అక్కడున్న మా మొగుళ్ల సామాను ఎక్కువ. ఇంటికొక పొట్లం. సకినాలు, గారిజలు, చుడువ, తొక్కు. పొట్లం మీద మార్కర్‌తో పేరు. విమానంలో ఇంత బరువే రానిస్తారు కనుక కట్టిన కార్టన్‌ను తూచాలి. తీరా మిషన్ మీద పెడితే అంకెలు కార్టన్ కిందికి పోయి కనపడవు. అందుకని ఒక మనిషి కార్టన్ పట్టుకుని మిషన్ ఎక్కాలి, వచ్చిన అంకెలోంచి ఆ మనిషి బరువు తీసెయ్యాలి. ఆ మనిషిని నేనే. మిషన్ నాది, పైగా ఒళ్లు చేసినదాన్ని, మోయగలనని వాళ్ల నమ్మకం. ఇద్దరు ఎత్తి నా చేతుల్లో పెడతారు, ఒకరు వంగి అంకె చదువుతారు, అందులోంచి నన్ను కొట్టేస్తారు. ఆ విధంగా నా బరువు మా గల్లీ ఆడవాళ్లందరికీ ఎక్కంలాగా నోటికొచ్చేసింది. వాళ్ల బరువు ఎంతని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పరు.

కార్టన్ నా చేతుల్లో ఉన్న ఆ కాసేపూ నా ముక్కు ఏమవుతుందో ఎవరికీ పట్టదు. నువ్వులు, వాము, కాగిన నూనె, బెల్లం. అట్ట సందుల్లోంచి అన్నీ వస్తాయి. బరువు తగ్గాలని కొన్న మిషన్ మీద నిలబడి, నేను తినకూడనివన్నీ గుండెకు హత్తుకుని ఊపిరి బిగబడతాను. అంకె చదవడం అయిపోగానే దించేసుకుంటారు.

మా ఆయన అక్కడ ఒక కంపెనీలో ఏసీలు బిగించే పని చేస్తాడు. రెండేళ్లకోసారి రెండు నెలల లీవు. పెళ్లయి తొమ్మిదేళ్లు, కలిసి ఉన్న రోజులన్నీ కుప్ప పోస్తే ఏడాది నిండదు. మా గల్లీలో పిల్లల పుట్టినరోజు తెలిస్తే చాలు, వాళ్ల నాన్న ఏ నెలలో లీవుకొచ్చాడో చెప్పెయ్యవచ్చు. దసరాకు వచ్చినవాళ్ల పిల్లలు వానాకాలంలో పుడతారు, ఎండాకాలం వచ్చినవాళ్ల పిల్లలు చలికాలంలో పుడతారు. ఈ లెక్క మా వైపు ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఇంటికీ లీవులు వచ్చాయి, పోయాయి. పుట్టినరోజులే లేవు.

నేను జగిత్యాలలో ఒక చీరల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటాను. పొద్దున బస్సెక్కితే మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు. ఆ షాపుకు దగ్గర్లోనే డాక్టరమ్మ దవాఖాన. కిందటి లీవు కూడా ఉత్తగానే గడిచిపోయాక ఆమె దగ్గరికి పోయాను. పరీక్షలు చేసి, గర్భసంచికి నీటి బుడగలున్నాయని చెప్పింది. బరువు తగ్గితే నెలనెలా సరిగ్గా వస్తుంది, అది సరిగ్గా వస్తే ఆశ పెట్టుకోవచ్చు అంది. మళ్లీ ఆయన ఎప్పుడొస్తాడని అడిగింది. వచ్చే దసరా దాటాక అన్నాను. ఆమె నా వయసు రాసి ఉన్న చోట పెన్నుతో మెల్లగా కొట్టింది. "ఈ లీవు వదులుకోవద్దమ్మా," అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటతో నేను మిషన్ కొన్నాను.

ఇది చాలదన్నట్టు కడుపు. ఏళ్లుగా నాకు తిన్న తర్వాత పొట్ట ఉబ్బి డోలులా అవుతుంది. గ్యాస్ అనుకుని గోలీలు మింగుతూ వచ్చాను. డాక్టరమ్మే కరీంనగర్ పంపించి ఆ పరీక్షలూ చేయించింది. గోధుమ పడదు, పాలు అరగవు అని తేల్చారు. గోధుమ అంటే చపాతీ మానేస్తే పోతుందనుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే బిస్కెట్టు, బన్ను, బ్రెడ్డు, సేమియా, ఉప్మా రవ్వ, సమోసా, పఫ్, గారిజల పైన పొర, అన్నీ గోధుమ ఇంటివే. మా అత్తకు ఇది ఎంతకీ బుర్రకెక్కలేదు. సేమియా గోధుమది ఎట్లయితుంది, సేమియా సేమియానే కదా అని వాదించేది. నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

సరే, బియ్యప్పిండివి తినవచ్చు కదా అంటారు. సకినాలు తింటే కడుపు ఏమీ అనదు. సర్వపిండి తింటే ఏమీ అనదు. కానీ వాటిని మిషన్ ఒప్పుకోదు. కడుపు ఒప్పుకున్నదాన్ని మిషన్ కాదంటుంది, మిషన్ ఒప్పుకున్నదాన్ని నాలుక కాదంటుంది. ఈ ముగ్గురి మధ్య పంచాయితీ తీర్చడమే నా బతుకైపోయింది. జొన్న రొట్టె, ఆకుకూర, ఉడకేసిన శనగ గుడాలు. పొద్దున గుడాలు, సాయంత్రం గుడాలు. గుర్రానికి కూడా మధ్యలో గడ్డి వేస్తారు.

అన్నిటికంటే చాయ్ నన్ను ఏడిపించింది. నేను సిరిసిల్లలో పుట్టినదాన్ని. మా నాన్న పవర్‌లూమ్ నడిపేవాడు, మేం సాంచా అంటాం. సిరిసిల్లలో సాంచాల మధ్య పెరిగిన పిల్లలకు తల్లిపాల తర్వాత చాయే. బడి వదిలాక నేను షెడ్డుకు పోయేదాన్ని. హోటల్ వాళ్లు ప్లాస్టిక్ కవర్లో చాయ్ పోసి, దారంతో మూతి బిగించి ఇచ్చేవారు. ఆ కవర్ రెండు చేతుల్లో మార్చి మార్చి పట్టుకుని, కాలుతుంటే ఊదుకుంటూ తీసుకుపోయేదాన్ని. లోపల సాంచాల చప్పుడుకు మాట వినపడదు. నాన్న మాట్లాడకుండానే బన్ను తుంచి చాయ్‌లో ముంచి నా నోటి ముందు పెట్టేవాడు. అది జారి పడిపోయేలోపు అందుకోవాలి. నాన్న లేడు ఇప్పుడు. ఆ తడిసిన బన్ను రుచి మాత్రం ఉంది, నా నాలుక మీద ఎక్కడో ఒక మూల. గోధుమా పాలూ రెండూ కలిసిన తిండి అది. నాకు ఆ రెండే పడవన్నప్పుడు డాక్టర్ల ముందే ఏడుపొచ్చింది. నీళ్ల డికాషన్‌లో నిమ్మకాయ పిండుకుని తాగమన్నారు. తాగాను. దాన్ని చాయ్ అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

జగిత్యాల బస్టాండు పక్కన సాయంత్రం పూట మిర్చి బండ్లు పెడతారు. నేను బస్సు కోసం అటే పోవాలి. మొదట్లో ఊపిరి బిగబట్టి దాటేదాన్ని. తర్వాత రోడ్డు అవతలి పక్కనుంచి నడిచాను. అవతల బేకరీ ఉంది. నా కష్టం ఎవరికి చెప్పుకోవాలి? ఆకలితో ఉన్నవాడిని చూస్తే లోకానికి జాలి ఉంటుంది. ఒళ్లున్న మనిషి మిర్చి బండి వైపు చూస్తే నవ్వొస్తుంది. నాది ఆకలి కాదని నాకూ తెలుసు. అయినా గుండె దగ్గర ఒక చోట లాగుతుంది, ఎవరినో తలుచుకున్నట్టే ఉంటుంది. రోజంతా చీరల బిల్లులు కొట్టి, ఖాళీ ఇంటికి పోవడమే కదా అనిపించినప్పుడు ఆ లాగడం ఇంకా ఎక్కువ. అత్త ఉంటుంది ఇంట్లో, లేదని కాదు. కానీ నేను దేన్ని ఖాళీ అంటున్నానో ఆమెకూ అర్థమవుతుంది.

వానలు మొదలయ్యేసరికి మూడు కిలోలు తగ్గాను. ఎవరూ గమనించలేదు. చివరికి గమనించిన తీరు కూడా చెప్తాను. మా వెనక గల్లీ ఆయన ఒకడు లీవు ముగించుకుని పోతున్నాడు. ఆయన మా ఆయన ఉండే పనివాళ్ల క్యాంపులోనే ఉంటాడు. నేను రెండు రోజులు కూర్చుని సకినాలు చుట్టాను. బియ్యప్పిండి, నువ్వులు, వాము, పిడికిట్లోంచి సన్నగా తీగలా జారాలి, చుట్టు చుట్టుకూ అంటుకోవాలి. ఉప్పు సరిపోయిందో లేదో అత్తను చూడమన్నాను. నేను ఒక్కటి నోట్లో వేసుకుంటే పదికి ఆగదని నాకు తెలుసు. పొట్లం కట్టి పేరు రాశాను. ఎప్పటిలాగే కార్టన్ నా చేతుల్లో పెట్టారు, అంకె చదివారు, నోటికొచ్చిన నా బరువు తీసేశారు. సరిపోయిందన్నారు. నేను కూడా ఆ క్షణాన ఆలోచించలేదు. వాళ్లు తీసేసింది నా పాత బరువు.

ఎయిర్‌పోర్టులో కార్టన్ మూడు కిలోలు ఎక్కువ తూగింది. అక్కడికక్కడ విప్పి, పైనున్న పొట్లాలు తీసేశారు. పైన ఉన్నది నాదే. మర్నాడు సాగనంపడానికి పోయిన వాళ్ల కారులో అది తిరిగొచ్చింది. ఆయన భార్య ఇచ్చిపోతూ గుమ్మంలో నిలబడి నన్ను మందలించింది. "సన్నవడ్డవని ముందుగాల ఒక్క మాట చెప్పద్దానె వదినె? లెక్కంత తప్పాయె," అంది. నేను తగ్గానని ఒక మనిషి అనడం అదే మొదటిసారి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను ఇన్ని నెలలు నోరు కట్టుకుని తగ్గించిన మూడు కిలోలూ పోయి మా ఆయన నోటి దగ్గరి పొట్లాన్ని లాగేశాయి.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో ఆయనకు చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. తర్వాత పొట్లం విప్పి చూపించమన్నాడు. చూపించాను. ఒకటి తినమన్నాడు. నాకు వద్దన్నాను, మిషన్ సంగతి నీకు తెలుసు కదా అన్నాను. "ఒక్కటే. నేను చూస్త," అన్నాడు. కొరికాను. సకినం విరిగిన చప్పుడు ఫోన్లోంచి ఆయనకు వినపడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను నమిలేంత సేపూ తెరవలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందని చెప్పాను. మిగతావి అత్త చేత ఇంటింటికీ పంచిపెట్టించాను, ఇంట్లో ఉంటే నా మీద నాకు నమ్మకం లేదు.

ఇక ఆ రోజు సంగతి. దసరా ఇంకా రెండు నెలలుంది. షాపులో కొత్త సరుకు దిగింది. పూజ చేసి, సేటు అందరికీ సమోసాలు, చాయ్ తెప్పించాడు. నేను గట్టిగా ఉన్నదాన్నే. కానీ పక్క కౌంటర్ అమ్మాయి సమోసా విరిచి సగం నా చేతిలో పెట్టింది. సగమే కదా అనుకున్నాను. సగం సమోసా అన్నది ఈ లోకంలో ఎక్కడా లేదు, మిగతా సగం దాని వెనకే వస్తుంది. దాని మీద చాయ్ కూడా తాగాను. ఎన్నాళ్లకో తాగిన చాయ్. నాలుగు గుటకలు నేను ఎవరి మాటా వినలేదు.

సాయంత్రానికి కడుపు లెక్క అడిగింది. చీర కుచ్చిళ్ల పైన పొట్ట బిగదీసుకుని ముందుకొచ్చింది. బస్టాండుకు నడుస్తుంటే అడుగడుక్కూ నొప్పి. మెట్‌పల్లి బస్సు కిటకిటలాడుతూ ఉంది. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఎప్పుడూ అంతే. నేను ఎక్కి కడ్డీ పట్టుకుని, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నిలబడ్డాను. నొప్పికి పెట్టుకున్న చెయ్యి అది.

కిటికీ పక్కన ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో స్టీలు డబ్బా. నా చెయ్యి చూసింది, పొట్ట చూసింది, లేచి నిలబడింది. "కూసో బిడ్డ," అంది. నాకు అర్థం కాలేదు. వద్దవ్వా, నువ్వే కూర్చో అన్నాను. ఆమె వినలేదు. ఈ రోడ్డు గుంతల్లో బస్సు ఎత్తేస్తుందని, నిలబడితే మంచిది కాదని చెప్పి, నా భుజం పట్టి కూర్చోబెట్టింది. అది చూసి మా సీట్లోని ఇంకొకామె సర్దుకుంటే అవ్వకూ నా పక్కనే కాస్త చోటు దొరికింది. కూర్చున్నాక అవ్వ నా చెవి దగ్గరికి వంగింది.

"ఎన్నో నెల బిడ్డ?"

లేదవ్వా, నేను ఒళ్లు చేసినదాన్ని, సమోసా తిన్నాను, నాకు గోధుమ పడదు. ఇంతే చెప్పాల్సింది. ఇలాంటి మాట నన్ను ఇంతకు ముందూ అడిగారు. అడిగినవాళ్లు సిగ్గుపడేలా కొరకొరా చూడడం నాకు బాగా వచ్చు. కానీ ఆ అవ్వ గొంతులో ఆరా లేదు. తన సీటు లేచి ఇచ్చిన మనిషి. నా నోటికి ఏమొచ్చిందో నాకే తెలియదు.

"అయిదో నెల," అన్నాను.

మీ ఇంటాయన ఏం చేస్తాడని అడిగింది. దుబాయిలో ఉంటాడన్నాను. మా వైపు దాని తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే. ఎప్పుడు పోయాడని అడిగింది. పోయి నాలుగు నెలలైందన్నాను. అవ్వ వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుకుంది, తల ఊపింది. లెక్క కుదిరింది. నాకు భయమేసింది, అబద్ధానికి కాదు, అది ఎంత తేలిగ్గా కుదిరిందో చూసి. ఆ లెక్క కుదరడం కోసమే కదా నేను ఇన్ని నెలలుగా గుడాలు తింటున్నది.

తర్వాత అవ్వ అడిగింది. "నోటికేం తినబుద్ధయితంది బిడ్డ?"

ఇన్ని నెలల్లో నన్ను ఆ మాట ఒక్కరు అడగలేదు. ఏం తినకూడదో అందరూ చెప్పారు. డాక్టరమ్మ చెప్పింది, కరీంనగర్ వాళ్లు చెప్పారు, ఫోన్ తెరిస్తే ఫోన్ చెప్పింది, గల్లీలో ఎదురైన ప్రతి ఒక్కరూ చెప్పారు. నీకేం కావాలని అడిగినవాళ్లు లేరు. నా నోరు ఎప్పుడూ నేను అణచాల్సిన శత్రువే. ఒక్కసారిగా ఆ నోటికి మర్యాద దొరికింది. కడుపుతో ఉన్న ఆడదాని నోరు ఏదడిగినా పెట్టాలి, అడగకపోతే అడిగి మరీ పెట్టాలి. ఆ మర్యాద నాది కాదని తెలిసి కూడా నేను దాన్ని వదులుకోలేకపోయాను.

నేను సిగ్గుపడుతున్నాననుకుంది అవ్వ. డబ్బా మూత తీసింది. మలీద ముద్దలు. గోధుమ రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి గట్టిగా వత్తినవి. ఇబ్రహీంపట్నంలో ఇచ్చిన చిన్న కూతురికి ఆరో నెల నడుస్తోందట, ఆమె అడిగిందని చేసి తీసుకుపోతోంది. మీ బిడ్డ కోసం చేసినవి నాకెందుకవ్వా అన్నాను. "కడుపుతోటున్నదాని ముంగట డబ్బ మూసుకుంటే నాకు పాపం తలుగుతది. తిను," అని ముద్ద నా చేతిలో పెట్టింది.

గోధుమ, నెయ్యి, బెల్లం. ఒక్కదాంట్లో నాకు పడనివీ, మిషన్‌కు పడనివీ అన్నీ ఉన్నాయి. తిన్నాను. బెల్లం రవ్వ పంటి కింద చిట్లింది. బతుకమ్మ ఆడి వచ్చి చెరువు గట్టు మీద కూర్చుని ఒకరి చేతిలోంచి ఒకరం తిన్న మలీద అంతా తిరిగొచ్చింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి. అవ్వ చూసి, మొదటి కాన్పు కాబోలు, తల్లి గుర్తొస్తుంది అంది. ఇంకొకటి ఇచ్చింది. అదీ తిన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా మాటలు కలిపారు. ఎడమ వైపుకు తిరిగి పడుకోవాలన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. కార్టన్లు గుర్తొచ్చి ఎత్తను అని మాటిచ్చాను. కోరుట్ల వచ్చేదాకా ఆ బస్సులో నేను అందరూ జాగ్రత్తగా చూసుకునే మనిషిని. సంతోషంగా ఉంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా సంతోషంగా ఉంది.

దిగేటప్పుడు అవ్వ కండక్టర్‌తో బస్సు కాసేపు ఆపమని చెప్పింది. అంతా జరిగి దారిచ్చారు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా దిగాను. బస్సు పోయింది. రోడ్డు మీద ఒక్కదాన్నే ఉన్నా చెయ్యి నడుం మీదే ఉంది. తియ్యడానికి కొంచెం సేపు పట్టింది.

ఇంటికి చేరేసరికి కడుపులో మెలితిప్పుతోంది. అత్త నా ముఖం చూసి ఏమీ అడగకుండా వాము నీళ్లు కాచి తెచ్చింది. సమోసా తిన్నానని చెప్పాను. బస్సులో సంగతి చెప్పలేదు. మంచం మీద ముడుచుకుని పడుకున్నాను. ఆయన కాల్ వచ్చింది. పని దిగి, స్నానం చేసి, గది బయట మెట్ల మీద కూర్చుని చేసే కాల్. నా ముఖం చూడగానే మళ్లీ ఏం తిన్నావని అడిగాడు. అత్త వంటింట్లో ఉంది. గొంతు తగ్గించి, సమోసా దగ్గరి నుంచి బస్సు దిగేదాకా అంతా చెప్పాను.

నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు, ఆయన కనురెప్పలు కదులుతున్నాయి.

"అయిదో నెలని చెప్పినవా?" అన్నాడు.

చెప్పాను అన్నాను. తను ఎప్పుడు పోయాడని చెప్పానో అడిగాడు. నాలుగు నెలలైందని అన్నాను. లెక్క సరిపోయింది తియ్ అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మెడలోని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"మరి నీకేం తినబుద్ధయితందే?"

నాతో ఎగతాళి చెయ్యొద్దన్నాను. "మజాక్ కాదు. చెప్పు," అన్నాడు. చెప్పాను. మక్క గారెలు అన్నాను. ఇప్పుడిప్పుడే లేత మక్కలు వస్తున్నాయి, కచ్చాపచ్చాగా రుబ్బి, ఉల్లిగడ్డ ఎక్కువ వేసి, అంచులు ఎర్రగా కాలాలి. ఆయన తలూపుతూ విన్నాడు. ఎవరు చెయ్యాలి అన్నాడు. నువ్వే చెయ్యాలి, అక్కడ క్యాంపులో వంట నేర్చుకున్నావు కదా అన్నాను. చేస్తానన్నాడు. ఆ మాట అన్నాక ఆయన ముఖం మారింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది, నాకు మెట్లు కనపడ్డాయి, ఆయన కాళ్లు కనపడ్డాయి. కాళ్లు కనపడుతుండగానే చెప్పాడు.

"లీవు దొరకలే. నా జాగల రావాల్సినోడు రాలే. ఎండకాలం దాక పంపేది లేదంటున్నరు. రెండు దినాలాయె తెలిసి. నీకెట్ల చెప్పాల్నో సమజ్ గాలే."

ఎండాకాలం అంటే ఇంకెన్ని నెలలో నేను కణుపుల మీద చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు. డాక్టరమ్మ పెన్ను నా వయసు మీద కొట్టిన చప్పుడు మాత్రం తలలో వినపడింది. దసరాకని నేను తగ్గించుకుంటూ వచ్చిన ప్రతి ముద్దా గుర్తొచ్చింది. కోపం రావాల్సింది. ఆయన మీద రాలేదు, ఆయన ఏం చేస్తాడు? రెండు రోజులుగా ఆ మాట గొంతులో పెట్టుకుని ఏసీలు బిగించుకుంటూ తిరిగాడు. ఎవరి మీద రావాలో తెలియక అది కడుపులోనే ఉండిపోయింది. నాకు ఆయన కావాలనిపించింది. పిల్లల సంగతి తర్వాత. ముందు ఆ మెట్ల మీద, ఆయన పక్కన కూర్చోవాలనిపించింది.

ఆయన మళ్లీ ఫోన్ పైకెత్తాడు. తిట్టమన్నాడు. తిట్టనన్నాను.

"ఇంకోపారి అడుగు," అన్నాను.

"ఏంది?"

"గదే. ఏం తినబుద్ధయితందని."

వెనకనుంచి ఎవరో, అన్నా రొట్టెలు సల్లగయితున్నయ్ అని పిలిచారు. ఆయన వెనక్కి చూడకుండానే, మీరు తినుండ్రి అన్నాడు. తువ్వాల మెడలోంచి తీసి పక్కన పెట్టాడు. సరిగ్గా కూర్చున్నాడు, ఎక్కడికీ పోయే పని లేనివాడిలాగా.

అడిగాడు. చింతచిగురు పప్పు అన్నాను. ఇంకా అన్నాడు. పచ్చి మామిడికాయ ముక్కలు, ఉప్పూ కారమూ అద్దుకుని, పళ్లు పులిసేదాకా అన్నాను. ఇంకా అన్నాడు. సీతాఫలాలు, బండి మీద అమ్మేవి కాదు, నువ్వు గుట్టకు పోయి తెంపుకొచ్చినవి అన్నాను. తెస్తానన్నాడు. కడుపులో నొప్పి అలాగే ఉంది, నేను పొట్ట మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను. ఆయన అడుగుతూ పోయాడు, నేను చెప్తూ పోయాను, అయిదో నెలలో ఉన్న మనిషిలాగా.